అలెక్ గిన్నిస్: నడకతో మొదలయ్యే నటన

1957లో వచ్చిన ‘ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్’లో మాటలు లేని ఒక చిన్న సన్నివేశం ఉంది. జపాన్ వాళ్ల యుద్ధఖైదీల శిబిరంలో, రేకుల పెట్టెలో ఎండకు మగ్గిపోయిన కర్నల్ నికల్సన్‌ను బయటికి తీస్తారు. కమాండర్ సైటో గది దాకా అతను నడిచి వెళ్లాలి. మోకాళ్లు నిలవవు. అడుగు ఎటు పడుతుందో తెలియదు. అయినా భుజాలు వాల్చడు, తల దించడు. మొండితనం, పరువు మీద పట్టింపు, కాస్త పిచ్చి కూడా ఆ కొన్ని అడుగుల్లోనే బయటపడతాయి. తర్వాతి కథలో నికల్సన్ ఎంత దూరం వెళ్లగలడో ఆ నడకే చెప్పేస్తుంది.

నికల్సన్‌గా వేసిన ఇంగ్లిష్ నటుడు అలెక్ గిన్నిస్ ఆ నడకను తన కొడుకు మాథ్యూ దగ్గర నేర్చుకున్నారు. మాథ్యూకు పదకొండేళ్ల వయసులో పోలియో వచ్చి నడుము కింది భాగం చచ్చుబడింది. కోలుకుంటున్న రోజుల్లో ఆ పిల్లవాడు అడుగులు వేసిన తీరు తండ్రికి గుర్తుండిపోయింది. తాను చేసిన వాటిలో ఇది మంచి పని అని గిన్నిస్ నమ్మిన కొద్దిపాటి వాటిలో ఈ నడక ఒకటి.

గిన్నిస్ గురించి రాసేవాళ్లంతా ఆయన్ను ఊసరవెల్లి అనో, వేషాల మాంత్రికుడనో అంటారు. ఆ పొగడ్త సగమే నిజం. విగ్గులు, పెట్టుడు ముక్కులు, పెట్టుడు పళ్లు ఆయనకు చాలా పేరు తెచ్చిన మాట వాస్తవమే. కానీ ఇప్పుడు తిరిగి చూస్తే నిలబడిన పాత్రలు వేరు. లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి చూపించే మనుషులు, అంటే గుమస్తా, కర్నల్, గూఢచారి లాంటివాళ్లు, ఆయన చేతిలో బతికారు. మందపాటి మేకప్‌తో వేరే జాతుల మనుషులుగా మారిన చోట్ల మాత్రం అంత గొప్ప నటుడికీ కాలం పరీక్ష పెట్టింది. ఆ రెంటికీ మూలం ఒకే పద్ధతిలో ఉంది.

గిన్నిస్ 1914 ఏప్రిల్ 2న లండన్‌లోని మైదా వేల్‌లో పుట్టారు. తల్లి పేరు ఆగ్నెస్ కఫ్. జనన పత్రంలో తండ్రి పేరు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. తండ్రి ఎవరన్నది ఆయనకు చివరిదాకా కచ్చితంగా తెలియలేదు. గెడ్డిస్ అనే ఒక బ్యాంకరు చదువుకు డబ్బులిచ్చేవారు కాబట్టి ఆయనే అయి ఉండాలని చాలామంది నమ్మారు. తల్లి కొంతకాలం స్టివెన్ అనే సైనికాధికారిని పెళ్లి చేసుకోవడంతో పిల్లవాడికి ఆ ఇంటిపేరు వచ్చింది. నిజానికి తన పేరు గిన్నిస్ అని పద్నాలుగేళ్ల వయసులో తెలిసింది. బాల్యమంతా అద్దె గదులు, లాడ్జీలు, బోర్డింగ్ స్కూళ్ల మధ్య గడిచింది. అప్పులవాళ్లు తలుపు తట్టేలోపే సామాన్లు సర్దుకోవాల్సిన బతుకు. పేరూ ఇల్లూ ఇన్నిసార్లు మారిన పిల్లవాడు నటుడు కావడంలో ఆశ్చర్యం లేదు అనడం తేలిక. అంతకన్నా గమనించాల్సింది ఇంకొకటి ఉంది. తన సంగతులు ఎవరికీ చెప్పకూడదని ఆ బాల్యం ఆయనకు నేర్పింది. ఆ దాపరికం తర్వాత ఆయన నటనకే పెట్టుబడి అయింది.

పద్దెనిమిదేళ్లకు లండన్‌లోని ఒక ప్రకటనల సంస్థలో కాపీ రాసే ఉద్యోగం దొరికింది. ఆ చాలీచాలని జీతంతోనే మార్టీటా హంట్ అనే నటి దగ్గర పాఠాలకు చేరారు. కొన్నాళ్లకే ఆమె ‘నీకు నటన రాదు, డబ్బు పాడు చేసుకోకు’ అన్న అర్థంలో చెప్పి పంపేయబోయారు. ఈయన పట్టు వదల్లేదు. తర్వాత ఫే కాంప్టన్ నడిపే నటనా శిక్షణాలయంలో స్కాలర్‌షిప్ వచ్చింది. సరిగ్గా ఇరవయ్యో పుట్టినరోజున, 1934లో, మాటల్లేని చిన్న వేషంతో వృత్తి నాటకరంగంలో అడుగుపెట్టారు. అదే ఏడాది ప్రసిద్ధ నటుడు జాన్ గీల్‌గుడ్ తన ‘హామ్లెట్’లో ఆస్రిక్ పాత్ర ఇచ్చారు. తిండికి కూడా ఇబ్బందిపడుతున్న కుర్రాడికి అది ప్రాణం పోసినంత పని. ఆ రుణం గిన్నిస్ జీవితాంతం మరవలేదు.

ఆ రోజుల్లో ఇంగ్లిష్ రంగస్థలం మీద వెలిగిన పేర్లతో పోల్చి చూస్తే గిన్నిస్ ప్రత్యేకత తెలుస్తుంది. గీల్‌గుడ్‌ది గొంతు. పద్యం ఆయన నోట సంగీతంలా పలికేది. లారెన్స్ ఒలివియర్‌ది ఒళ్లు, ఉద్రేకం, వేదిక మొత్తాన్ని ఆక్రమించే ఊపు. గిన్నిస్‌కు ఆ రెండూ లేవు. మామూలు ఎత్తు, త్వరగా పలచబడిన జుట్టు, ఏ గుంపులోనైనా కలిసిపోయే ముఖం. అందుకే ఆయన వేరే దారి వెతుక్కున్నారు. వీధిలో ఎవరి నడకైనా నచ్చితే వాళ్ల వెనకే కొంత దూరం నడిచేవారు. జంతుప్రదర్శనశాలకు వెళ్లి జంతువుల కదలికలు చూసేవారు. పాత్ర ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే వస్తుందని ఆయన నమ్మకం. ‘లోపలి భావం పట్టుకో, బయటి రూపం అదే వస్తుంది’ అని చెప్పే నటనా సిద్ధాంతాలు అమెరికాలో జోరుగా సాగుతున్న కాలంలో ఈయన బయటి నుంచి లోపలికి వెళ్లారు.

1938లో లండన్ నాటక సంస్థ ఓల్డ్ విక్‌కు టైరోన్ గత్రీ దర్శకత్వంలో, ఆధునిక దుస్తులతో, ఒక్క పంక్తి కూడా కోయకుండా ‘హామ్లెట్’ ఆడారు. అదే ఏడాది నటి మెరూలా సలామన్‌ను పెళ్లి చేసుకున్నారు. 1939లో డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ను తానే నాటకంగా మలిచి, అందులో హర్బర్ట్ పాకెట్ వేషం వేశారు. మిస్ హావిషమ్‌గా నటించింది ఎవరో కాదు, ఒకప్పుడు ఆయనకు నటన రాదన్న మార్టీటా హంట్. ఆ ప్రదర్శన చూసిన వాళ్లలో డేవిడ్ లీన్ ఒకరు. 1946లో లీన్ ఆ నవలనే సినిమాగా తీసినప్పుడు ఆ ఇద్దరినీ అవే పాత్రలకు తీసుకున్నారు. గిన్నిస్ సినిమా జీవితం అసలు అక్కడే మొదలైంది.

మధ్యలో యుద్ధం. 1941లో నౌకాదళంలో మామూలు నావికుడిగా చేరి, మరుసటి ఏడాది అధికారి అయ్యారు. 1943 జులైలో మిత్రరాజ్యాలు సిసిలీ మీద దిగినప్పుడు సైనికులను తీరానికి చేర్చే ఒక పడవకు ఆయనే కమాండర్. దాడి ఆలస్యమైందన్న కబురు అందక మిగతావాళ్లకన్నా ముందే ఒడ్డుకు చేరిన పడవ అది. సైన్యంలో పై అధికారులు, కింది వాళ్లు ఎలా మాట్లాడతారు, భయాన్ని ఎలా మింగుతారు అన్నది ఆయన దగ్గర్నుంచి చూశారు. తర్వాత వేసిన సైనికాధికారుల పాత్రలన్నింటికీ అది అక్కరకొచ్చింది.

1948లో ‘ఆలివర్ ట్విస్ట్’. పిల్లలతో జేబుదొంగతనాలు చేయించే ముసలి ఫేగిన్ పాత్ర కావాలని గిన్నిస్ పట్టుబట్టారు. ముప్ఫై మూడేళ్ల కుర్రాడు ఆ వేషానికి ఎలా పనికొస్తాడని లీన్ ఒప్పుకోలేదు. మేకప్ వేసుకుని టెస్ట్ ఇస్తానని, అప్పుడే నిర్ణయించమని అడిగారు. డికెన్స్ పుస్తకానికి క్రూక్‌షాంక్ గీసిన బొమ్మల ఆధారంగా స్టువర్ట్ ఫ్రీబోర్న్ తయారుచేసిన మేకప్‌తో రాగానే లీన్ ఇంక మాట్లాడలేదు. నటనగా చూస్తే అది అబ్బురమే. ఆ గొంతూ, ఆ చేతుల కదలికా, పిల్లల మీద చూపే ఆ మాయప్రేమా ఒక్క చోట కూడా అతకనట్టు ఉండవు. కానీ యూదులను ఎగతాళి చేసే పాత కార్టూన్లలోని కొంకి ముక్కు తెర నిండా కనబడుతుంది. లక్షలాది యూదులను చంపిన శిబిరాల సంగతి ప్రపంచానికి తెలిసి అప్పటికి మూడేళ్లే. 1949లో బెర్లిన్‌లో సినిమా ఆడినప్పుడు అక్కడ బతికి బయటపడ్డ యూదులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. అమెరికాలో విడుదల 1951 దాకా ఆగింది, అదీ కత్తిరింపులతో. లీన్‌కు గానీ గిన్నిస్‌కు గానీ ద్వేషం ఉందని ఎవరూ అనలేరు. అయినా డికెన్స్ బొమ్మకు నమ్మకంగా ఉంటే చాలనుకోవడం పొరపాటే. బొమ్మలో ఉన్న పాపం ముఖానికీ అంటుకుంది.

1949లోనే లండన్‌లోని ఈలింగ్ స్టూడియో నుంచి ‘కైండ్ హార్ట్స్ అండ్ కరోనెట్స్’ వచ్చింది. తల్లిని వెలివేసిన జమీందారీ వంశం మీద పగబట్టిన ఒక యువకుడు, వారసత్వానికి అడ్డుగా ఉన్న వాళ్లను ఒక్కొక్కరినే తప్పించే కథ. గిన్నిస్‌కు మొదట నాలుగు పాత్రలు ఇస్తామన్నారట. స్క్రిప్ట్ చదివి, ఎనిమిదీ నేనే ఎందుకు చేయకూడదని ఆయన అడిగారు. పూజారి, సైన్యాధిపతి, నౌకాధిపతి, బ్యాంకరు, చివరికి మహిళల ఓటుహక్కు కోసం పోరాడే లేడీ అగాథా కూడా ఆయనే. ఆరుగురు ఒకే ఫ్రేములో కనబడే షాటు కోసం ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లోకోంబ్ కెమెరాను బిగించేసి, లెన్సులో కొంత భాగం మూసి, ఒక్కో వేషం తీశాక ఫిల్మును వెనక్కి తిప్పి మళ్లీ తీశారు. ఎవరైనా కెమెరాకు తగిలి కదిలిస్తారేమోనన్న టెన్షన్‌తో రాత్రి దాని పక్కనే పడుకున్నారు. బహుపాత్రాభినయం తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. మన సినిమాల్లో హీరో ఎన్ని వేషాలు వేసినా ప్రతి వేషంలోనూ అతను హీరోగానే మెరుస్తాడు. గిన్నిస్ ఇక్కడ హీరో కాదు, చచ్చేవాడు. అసలు కథానాయకుడు డెన్నిస్ ప్రైస్. ఎనిమిది పాత్రలు దొరికినా సినిమాను తనవైపు లాక్కోకపోవడం ఇందులో మెచ్చుకోవాల్సిన సంగతి.

అయితే ఈలింగ్ సినిమాల్లో ఆయన అసలు బలం ఆ ఎనిమిది ముఖాల్లో కంటే 1951లో వచ్చిన రెండు సినిమాల్లో తేటగా కనబడుతుంది. ‘ది లావెండర్ హిల్ మాబ్’లో హాలండ్ అనే గుమస్తా ఇరవై ఏళ్లుగా బంగారు కడ్డీలకు కాపలాగా వ్యానులో వెళ్తుంటాడు. నమ్మకస్తుడు, ఊహ లేనివాడు అని పై అధికారుల అభిప్రాయం. ఆ బంగారాన్ని కరిగించి, ఈఫిల్ టవర్ బొమ్మలుగా పోసి దేశం దాటించాలన్నది అతని పథకం. దీనికి మేకప్ దాదాపు ఏమీ లేదు. కళ్లజోడు, గుండ్రటి టోపీ, ర అక్షరం సరిగా పలకని నాలుక, అంతే. దొంగతనం గురించి మాట్లాడుతున్నప్పుడు ఆ కళ్లలో మెరిసే చిన్నపిల్లవాడి సంబరం చూస్తే, ఇరవై ఏళ్ల విధేయతా ఒక నటనే అని అర్థమవుతుంది. ఈ పాత్ర ఆయనకు ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. ‘ది మ్యాన్ ఇన్ ది వైట్ సూట్’లో మాయని, చిరగని బట్టను కనిపెట్టిన శాస్త్రవేత్త. మిల్లు యజమానులూ కార్మికులూ కలిసి అతని వెంట పడతారు, ఎందుకంటే అరగని బట్ట అందరి కూడూ తీసేస్తుంది. 1955లో ‘ది లేడీకిల్లర్స్’లో మళ్లీ పెట్టుడు పళ్లతో దొంగల ముఠా నాయకుడయ్యారు. సరదాగా ఉంటుంది. హాలండ్ లాగా మనసులో ఉండిపోడు.

సినిమాలో ఇంత వెలుగుతున్న 1951లోనే రంగస్థలం మీద పెద్ద దెబ్బ తగిలింది. లండన్‌లోని న్యూ థియేటర్‌లో తానే సహదర్శకత్వం వహించి ‘హామ్లెట్’ వేశారు. మొదటిరోజే లైట్లు గతి తప్పాయి, వెలగాల్సిన చోట చీకటి, చీకటి కావాల్సిన చోట వెలుగు. విమర్శకులు చీల్చి చెండాడారు. లైట్ల సంగతి వదిలేసినా, ఆయన హామ్లెట్ మరీ లోలోపలే ఉండిపోయిందన్నది అప్పటి ఫిర్యాదు. 1966లో రాయల్ కోర్ట్‌లో వేసిన ‘మాక్బెత్’ కూడా నిలబడలేదు. ఇక్కడే ఆయన పరిమితి తెలుస్తుంది. షేక్స్‌పియర్ విషాద నాయకులు తమ గుండెను పెద్ద గొంతుతో ప్రేక్షకుల ముందు పరిచేస్తారు. గిన్నిస్ స్వభావం దానికి విరుద్ధం. 1946లో ఒలివియర్ లియర్ రాజుగా వేసినప్పుడు పక్కన విదూషకుడిగా ఆయనకు గొప్ప పేరొచ్చింది. ఎందుకంటే ఆ విదూషకుడు నిజాన్ని నేరుగా చెప్పడు.

అలాగని రంగస్థలం ఆయనకు అచ్చిరాలేదనుకోకూడదు. 1953లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక గుడారంలో మొదలైన నాటకోత్సవంలో తొలి మాటలు పలికింది ఆయనే, మూడో రిచర్డ్‌గా. ఈ రోజు ఆ ఉత్సవం ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద నాటక సంస్థల్లో ఒకటి. 1964లో బ్రాడ్‌వేలో కవి డిలన్ థామస్ పాత్రకు అమెరికా నాటకరంగపు టోనీ అవార్డు వచ్చింది. అయితే నాటకం ఆడి ముగిసిపోతుంది. ఆయన జీవితంలో సగం పని ఈనాటి మనకు దొరకదు. మనం తీర్పు చెప్పేదంతా తెర మీద మిగిలిన సగాన్ని చూసే.

తెర మీద ఆయనకు లోలోపల ఉండిపోయే గుణమే వరమైంది. కెమెరా దగ్గరికి వస్తుంది కాబట్టి గొంతు పెంచక్కర్లేదు. నికల్సన్ పాత్రకు మొదట గిన్నిస్ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక సిలోన్ అడవుల్లో షూటింగ్ జరిగినంత కాలం లీన్‌తో గొడవే. నికల్సన్‌లో కాస్త హాస్యం ఉండాలని నటుడు, అక్కర్లేదని దర్శకుడు. చివరికి వచ్చింది ఇద్దరి మధ్య ఎక్కడో కుదిరిన మనిషి. శత్రువు కోసం వంతెన కడుతూ అది తన సైనికుల క్రమశిక్షణకు గుర్తుగా నిలుస్తుందని పొంగిపోతాడు, తాను చేస్తున్నదేమిటో ఆఖరి క్షణం దాకా గ్రహించడు. ఆ సినిమాకు ఏడు ఆస్కార్లు వచ్చాయి, ఉత్తమ నటుడి అవార్డుతో సహా. 1959లో సర్ బిరుదు ఇచ్చారు.

ఆ మధ్యలోనే 1956లో ఆయన రోమన్ కేథలిక్ మతంలో చేరారు. అంతకుముందు ఒక సినిమాలో ఫాదర్ బ్రౌన్ వేషం వేస్తూ ఫ్రాన్స్‌లో ఒక సాయంత్రం పూజారి దుస్తుల్లోనే నడిచి వెళ్తుంటే, నిజమైన పూజారి అనుకుని ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుని కబుర్లు చెబుతూ కొంతదూరం నడిచాడు. దుస్తులకే ఇంత నమ్మకం ఉంటే ఆ మతంలో ఏదో ఉండాలని ఆయనకు తోచింది. కొడుకు జబ్బు పడ్డప్పుడు చర్చిలో మొక్కుకున్న మొక్కు కూడా దీనికి తోడైంది. ఒక వేషం మనిషి నమ్మకాన్ని ఇంతగా కదిలించడం అరుదు.

1960లో ‘ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ’. స్కాట్లండ్ సైనిక దళంలో ఇద్దరు అధికారుల మధ్య పోరు. నికల్సన్ లాంటి కట్టుదిట్టమైన అధికారి పాత్ర ఆయనకే సరిపోతుందని అందరూ అనుకుంటే, దాన్ని జాన్ మిల్స్‌కు వదిలి, ఎర్రజుట్టు, తాగుడు, నోటిదురుసు ఉన్న జాక్ సింక్లెయిర్‌ను తీసుకున్నారు. కింది స్థాయి నుంచి ఎదిగి, ఇప్పుడు చదువుకున్న కొత్త అధికారికి కుర్చీ అప్పగించాల్సి వచ్చిన మనిషి కసి అది. మొదటిసారి తెర మీద గిన్నిస్ గట్టిగా అరిచారు, కుప్పకూలారు. హామ్లెట్‌గా పలికించలేకపోయిన దుఃఖం సింక్లెయిర్ ఆఖరి దృశ్యంలో పలికింది.

ఇక వేరే జాతుల పాత్రలు. అరబ్బుల తిరుగుబాటులో పాల్గొన్న బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్‌గా రంగస్థలం మీద నటించిన రెండేళ్లకే, 1962లో ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ సినిమాలో అరబ్ యువరాజు ఫైజల్ అయ్యారు. అరబ్ నటుడు ఒమర్ షరీఫ్ అదే సినిమాలో ఉన్నాక, ముఖానికి రంగు పూసుకున్న ఇంగ్లిష్ నటుడు ఎందుకన్న ప్రశ్న ఇవాళ తప్పదు. అయినా ఫైజల్ కొంత నిలబడతాడు, ఎందుకంటే అతను బ్రిటిష్ వాళ్ల ముందు మనసు విప్పని రాజకీయవేత్త. గిన్నిస్‌కు ఆ మౌనం తెలుసు.

1984లో ‘ఎ పాసేజ్ టు ఇండియా’కు వచ్చేసరికి అదీ లేదు. బెంగళూరులోనూ, దాని చుట్టుపక్కల కొండల్లోనూ తీసిన ఈ సినిమాలో విక్టర్ బెనర్జీ, సయీద్ జాఫ్రీ, రోషన్ సేథ్ లాంటి భారతీయ నటులున్నారు. దక్కను బ్రాహ్మణుడైన ప్రొఫెసర్ గోడ్బోలేగా మాత్రం డెబ్బై ఏళ్ల గిన్నిస్. మాట విరుపు, తల ఊపు, కూర్చునే తీరు అన్నీ శ్రద్ధగా పట్టుకున్నారు. కానీ ఆ బొట్టు వెనక ఏముందో ఆయనకు తెలియదని మనవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఈ సినిమాకు ఆధారమైన ఫార్‌స్టర్ నవల చివరి భాగంలో గోడ్బోలే కృష్ణజన్మాష్టమి ఉత్సవంలో పాడుతూ ఆడుతూ ఒళ్లు మరిచిపోతాడు. పాత్రకు ప్రాణం అక్కడుంది. ఆ నాట్యాన్ని గిన్నిస్ సాధన చేసి చేశారు కూడా. లీన్ ఎడిటింగ్‌లో దాన్ని తీసేయడంతో గోడ్బోలే ఒక వింత మనిషిగా మిగిలాడు. ఆరు సినిమాల స్నేహం దాంతో బాగా చెడింది. నాట్యం ఉండి ఉంటే పాత్ర బాగుపడేదేమో గానీ, ఆ వేషం ఒక భారతీయ నటుడికి ఇవ్వాల్సిందన్న మాట మాత్రం మారదు. నడక నుంచి మనిషిలోకి వెళ్లే పద్ధతి, ఆ మనిషి పెరిగిన నేల తెలిసినప్పుడే పనిచేస్తుంది. లండన్ గుమస్తా నడక చూస్తే అతని జీతం, అతని ఇల్లు, అతని భయం గిన్నిస్‌కు తెలిసిపోయేవి. గోడ్బోలే దగ్గర నడక మాత్రమే చేతికొచ్చింది.

ఆయన పద్ధతి నిండుగా పండింది టీవీలో, 1979లో బీబీసీ కోసం చేసిన ‘టింకర్ టైలర్ సోల్జర్ స్పై’లో. జార్జ్ స్మైలీ రిటైరైన గూఢచారి. పాత సహోద్యోగుల్లో ద్రోహి ఎవరో కనిపెట్టాలి. నవలలో స్మైలీ పొట్టి, లావు. తాను అలా లేనని గిన్నిస్ వెనకాడారు. రచయిత జాన్ లె కారె నచ్చజెప్పి, బ్రిటిష్ గూఢచారి సంస్థకు ఒకప్పటి అధిపతి మారిస్ ఓల్డ్‌ఫీల్డ్‌తో భోజనం ఏర్పాటు చేశారు. గిన్నిస్ ఆయన బట్టలు, బూట్లు, గొడుగు అన్నీ కళ్లతోనే కొలిచేశారు. తెర మీద స్మైలీ ఎక్కువసేపు చేసేది వినడం. ఎదుటివాడు అబద్ధం చెబుతున్నాడని తెలిసినా ముఖంలో ఏమీ కదలదు, కళ్లజోడు తీసి టై కొసతో తుడుచుకుంటాడు. ఢిల్లీ జైల్లో సోవియట్ గూఢచారి కార్లాను ప్రశ్నించే ఘట్టం మరీ గొప్పది. అవతలి వాడు ఒక్క మాటా మాట్లాడడు, స్మైలీ మాట్లాడుతూ మాట్లాడుతూ తన బలహీనతే బయటపెట్టుకుంటాడు. దాచుకోవడం వృత్తిగా ఉన్న మనిషి నోరు జారడం ఎంత ప్రమాదమో ఆ ముఖం చెబుతుంది. దీనికీ, 1982లో వచ్చిన రెండో భాగానికీ బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డులు వచ్చాయి. గిన్నిస్ గొంతూ ముఖమూ పాత్రను ఆక్రమించేయడంతో స్మైలీ గురించి మళ్లీ రాయడం కష్టమైందని లె కారె చెప్పుకున్నారు.

వీటన్నింటి మధ్య 1977లో ‘స్టార్ వార్స్’ ఉంది, ప్రపంచంలో ఎక్కువమందికి ఆయన తెలిసింది దాంతోనే. డైలాగులు చెత్త అని మిత్రులకు ఉత్తరాలు రాస్తూనే, రాబడిలో రెండు శాతానికి కాస్త పైగా వాటాకు ఒప్పందం చేసుకున్నారు. ముసలితనంలో డబ్బు బెంగ తీరింది అందువల్లే. ఆ సినిమాను వందసార్లకు పైగా చూశానన్న ఒక పిల్లవాడిని ఇంకెప్పుడూ చూడనని మాట ఇమ్మని అడిగి ఏడిపించిన సంగతి ఆయనే రాసుకున్నారు. కోపం ఎంత ఉన్నా ఓబీ-వాన్ అనే ముసలి వీరుడి పాత్రలో ఆయన ఏ లోటూ చేయలేదు. ఆ అంతరిక్ష కథను జనం నమ్మడానికి ఆ నిదానమైన గొంతు చాలా సాయపడింది.

1989లో ఆఖరిసారి నాటకం ఆడారు. చివరి ఏళ్లలో హాంప్‌షైర్ ఇంట్లో కూర్చుని దినచర్యలు రాశారు. 2000 ఆగస్టు 5న కన్నుమూశారు. పెళ్లయ్యాక నటన మానేసి చిత్రలేఖనంలో పడిన మెరూలా రెండు నెలలకే పోయారు.

గిన్నిస్‌ను ‘స్టార్ వార్స్’లో మాత్రమే చూసినవాళ్లు ‘ది లావెండర్ హిల్ మాబ్’తో మొదలుపెడితే మంచిది, గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వెంటనే ‘ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ’ చూడాలి. ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మబుద్ధి కాదు. ‘టింకర్ టైలర్’ ఏడు భాగాలకు ఓపిక కావాలి, ఒక్కో రాత్రి ఒక్కో భాగం చొప్పున చూస్తేనే స్మైలీ వినే తీరు పట్టుబడుతుంది.